ఆర్వెల్లా కీర్తిశేషురాలైన పాట

ఆర్వెల్లా టాకెట్ గారు మార్చి నెల మూడో మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, నాష్‌విల్ నగరంలోని ఒక మేడ మూడో అంతస్తులో, కాఫీ తాగుతున్న ముగ్గురు పెద్దమనుషుల సమక్షంలో ప్రశాంతంగా కన్నుమూశారు. ఆ సమయానికి ఆమె అక్కడికి రెండువందల మైళ్ళ దూరాన, సోరెల్ గ్యాప్ అనే కొండ ఊళ్ళో, స్కూలు బస్సు కడుగుతున్నారు. వెనక సీటు కింద ఎవరో అంటించిన బబుల్‌గమ్ము ఊడి రాకపోతే కత్తితో గీకుతున్నారు. తాము పోయిన సంగతి ఆమెకు ఏడు నెలల తర్వాత గానీ తెలియలేదు.

ఆ ముగ్గురిలో ఒకడు గార్లండ్ మీక్స్, ఆర్వెల్లాకు ఒకప్పటి భర్త. పన్నెండేళ్ళ కిందట విడాకులు పుచ్చుకుని, గిటారు భుజాన వేసుకుని నాష్‌విల్ చేరాడు. అప్పటినుంచీ పేరున్న గాయకుల వెనక చీకట్లో నిలబడి వాయిస్తూ బతుకుతున్నాడు. ఆ నగరంలో పాటలు పళ్ళ డాక్టరు దగ్గరలాగే టైము తీసుకుని రాస్తారు. పదింటికి ముగ్గురు కూర్చుంటారు, పన్నెండున్నరకి ఒక గుండెకోత తయారవుతుంది. మిగతా ఇద్దరూ పాటల కంపెనీవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడైన స్టాన్‌ఫిల్ గారు, నీ జీవితంలో నిజంగా జరిగిన కష్టం ఏదైనా ఉంటే చెప్పు అని అడిగారు. పెళ్ళాం వదిలేసింది అన్నాడు గార్లండ్. స్టాన్‌ఫిల్ గారు సొరుగు లాగి చూపించారు. ఆ నెలలో పెళ్ళాం వదిలేసిన పాటలతో అది మూత పడటం లేదు.

"వదిలేసినవాళ్ళు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు," అన్నారాయన. "ఆవిడ చచ్చిపోకూడదా?"

గార్లండ్ కాసేపు ఆలోచించాడు. ఆర్వెల్లా మీద అతనికి పగేమీ లేదు. "పోవచ్చు," అన్నాడు.

ఎలా పోయిందన్న చర్చలో, తమకొక ఆడపిల్ల ఉండేదనీ, పదకొండు వారాల వయసులో గుండెజబ్బుతో పోయిందనీ గార్లండ్ నోరు జారాడు. స్టాన్‌ఫిల్ గారు కాఫీ కప్పు కింద పెట్టారు. ఆయన వృత్తిజీవితంలో ఎవరికీ అంతకు మించిన గౌరవం ఇవ్వలేదు. భోజనాల వేళకు పాట పూర్తయింది. బిడ్డ పోయిన బెంగతో తల్లి పోతుంది. ఆమె నీలం గౌనును భర్త ఇంకా మడతపెట్టి దాచుకుంటాడు. వాస్తవంలో బిడ్డ పోయిననాడు భర్త పొరుగు రాష్ట్రంలో పశువుల సంతలో పాడుతున్నాడు. మట్టి చేసిన రెండు రోజులకు గానీ ఇల్లు చేరలేదు. ఈ వివరం పాటలో ఇమడలేదు.

'నీలం గౌను మడతలోనే ఉంది' అనే ఆ పాట అక్టోబరులో బయటికొచ్చింది. మొదటి చరణంలో గౌను, రెండో చరణంలో పెద్ద సమాధి పక్కన చిన్న సమాధి, మూడో చరణంలో రెంటి మధ్య మోకాళ్ళ మీద గార్లండ్. వెనకాల స్టీలు గిటారు ఏడుపు. లారీ డ్రైవర్లు బండి పక్కకి ఆపి కళ్ళు తుడుచుకుంటున్నారని రేడియోవాళ్ళు గర్వంగా ప్రకటించారు. ఆపకుండా తుడుచుకున్నవాళ్ళు ఏమయ్యారో ప్రకటించలేదు.

పిల్లలందరినీ దింపేసి ఖాళీ బస్సు తోలుకొస్తూ ఆర్వెల్లా ఆ పాట విన్నది. తన పేరు వినపడగానే బ్రేకు తొక్కింది. తనని చంపినందుకు కోపం రావాలి. వచ్చింది. ఆ గౌను ఎక్కడా మడతలో లేదు. తన పెళ్ళినాటి నీలం గౌను కత్తిరించి తనే బిడ్డకు చిన్న గౌను కుట్టింది, అది తొడిగే బిడ్డను మట్టిలో పెట్టారు. గార్లండ్ దాన్ని చూసిన పాపాన పోలేదు. కానీ రెండో చరణం వచ్చేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు. పదమూడేళ్ళుగా ఆ బిడ్డ ఊసు ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆమె బాధపడుతుందని ఊరి మర్యాద. అంత మర్యాదగా ఊరంతా కలిసి బిడ్డను మరిచిపోయింది. ఇప్పుడు రేడియో రోజుకు ఆరుసార్లు ఆ చిన్న సమాధి గురించి దేశానికి చెబుతోంది. అందుకోసం తను చచ్చిపోవాల్సి వస్తే పోనీలే అనుకుంది ఆర్వెల్లా. రేడియో గొంతు పెంచింది.

సోరెల్ గ్యాప్ కూడా తన కర్తవ్యాన్ని విస్మరించలేదు. ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆడవాళ్ళు వంటలు చేసి గిన్నెలతో పట్టుకెళ్ళి ఇచ్చి రావడం ఆచారం. గిన్నె తిరిగి రావడానికి దాని అడుగున పట్టీ అంటించి పేరు రాస్తారు. పాట పల్లెపాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన వారం ఆర్వెల్లా ఇంటికి తొమ్మిది గిన్నెలు వచ్చాయి. ఆర్వెల్లా పోయినందుకు ఆర్వెల్లాకే. ఇలాంటప్పుడు పొయ్యి వెలిగించబుద్ధి కాదు కదమ్మా అని గుమ్మంలో నిలబడి ఓదార్చారు కూడా. ఏం చెయ్యాలో తోచక ఆమె తీసుకుంది. తన చావుకి వచ్చిన చిక్కుడు గింజల కూర, కోడి పులుసు తను తిని, గిన్నెలు కడిగి, పేర్లు చూసి ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చింది. పక్కింట్లో ఉండే ఓసీ పిన్ని, ఎనభై ఏళ్ళ మనిషి, ఆ గిన్నెల వరస చూసి మూతి ముడుచుకుంది.

"నీకు తొమ్మిదొచ్చాయి," అంది. "మీ బాబాయి నిజంగా పోతే ఆరే తెచ్చారు."

ఆదివారం మౌంట్ నెబో చర్చిలో పాస్టరుగారు, బ్రదర్ హోబర్ట్, ఈ విషయం మీదే ప్రసంగించారు. "సోదరీ సోదరులారా, పాటలో ఉన్నది అబద్ధమని కొందరు గొణుగుతున్నారు. అబద్ధం కాదు. ఇంకా జరగని నిజం. మనలో పోనివాళ్ళెవరు? సోదరి ఆర్వెల్లా మనందరికంటే కాస్త ముందుగా, మనందరికంటే శ్రావ్యంగా పోయింది. ఆ భాగ్యం ఎందరికి దక్కుతుంది?" ఆర్వెల్లా నాలుగో వరసలో కూర్చుని వింది. పక్కనున్నామె ఆమె చెయ్యి పట్టుకుని సానుభూతిగా నొక్కింది.

ఆ ఏడాది పట్నంవాళ్ళకు పల్లెల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. గుర్రాన్ని బొమ్మలో తప్ప చూడనివాళ్ళు గుర్రపు బూట్లు తొడుక్కుని డాన్సు హాళ్ళకు పోతున్నారు. ఇలాంటి అదను చూసి పల్లెపాటను పట్నం రేడియోల్లోకి దాటించడాన్ని ఆ వ్యాపారంలో క్రాస్‌ఓవర్ అంటారు. దాటేటప్పుడు బరువులు ఉండకూడదు. ఏవి బరువులో తేల్చడానికి స్టాన్‌ఫిల్ గారు నిపుణుల బృందాన్ని నియమించారు. బృందం న్యూయార్కులో, చికాగోలో కొందరు ఆడవాళ్ళను గదిలో కూర్చోబెట్టి, పాట వినిపించి, నచ్చని చోట మీట నొక్కమంది. స్టీలు గిటారు దగ్గర సగంమంది నొక్కారు. దాన్ని తీసేసి ముప్ఫై వయొలిన్లు పెట్టారు. గార్లండ్ యాస దగ్గర నొక్కారు. అతని నోరు తిప్పడానికి ఒక మాస్టారిని కుదిర్చారు. చిన్న సమాధి దగ్గర మాత్రం గదిలో ఒక్కరు మిగలకుండా నొక్కారు. భార్య చావు హాయిగా ఉంది గానీ పిల్ల చావు మరీ దిగులుగా ఉందనీ, కారులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు తట్టుకోలేరనీ బృందం నివేదించింది. రెండో చరణం ఎత్తేశారు. బిడ్డ స్థానంలో వాన పెట్టారు.

అద్దం మీద వాన, నా గుండె మీద వాన, వాన మీద వాన. కొత్త చరణం ఇది. దీన్ని రాయడానికి మళ్ళీ ముగ్గురు పట్టారు.

ఈ పాట ఫిబ్రవరిలో దేశం మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచి అయిదు వారాలు కదలలేదు. కృత్రిమత్వం ఎరుగని కొండప్రాంతపు సత్యం ఇందులో ధ్వనిస్తోందని పత్రికలు రాశాయి. బజారులో కూరగాయలు ఏరుకుంటూ, బ్యాంకులో వరసలో నిలబడి జనం ఆర్వెల్లా కోసం కన్నీరు పెట్టుకున్నారు. ఆర్వెల్లా బస్సులో విన్నది. రెండో చరణం కోసం కాచుకుంది. వాన వచ్చింది. ఏదో పొరపాటయి ఉంటుందనుకుని మర్నాడు మళ్ళీ విన్నది. మళ్ళీ వానే. ఇంటికి వెళ్ళి కోటు విప్పకుండా వంటింట్లో కుర్చీలో కూర్చుండిపోయింది. తను ఇంకా చచ్చే ఉంది, బిడ్డ మాత్రం లేదు.

మార్చి నుంచి యాత్రికుల రాక మొదలైంది. ఒహాయో నుంచి, ఇండియానా నుంచి కార్లేసుకొచ్చి ఆర్వెల్లా సమాధి ఎక్కడని అడిగేవారు. పెట్రోలు బంకు యజమాని మొదట్లో అమాయకంగా నిజం చెప్పాడు. ఆవిడ పోలేదండీ, ఇప్పుడే బస్సులో ఇటే వెళ్ళింది అనేవాడు. వాళ్ళ ముఖాలు పాలిపోయేవి. భోజనమైనా చెయ్యకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయేవారు. ఒకామె బంకు మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఒక మనిషి బతికుందన్న వార్త ఇంత మందిని ఇంత కుంగదీస్తుందని ఊరికి అంతవరకు తెలియదు. ఊరి ప్రతిష్ఠకూ, ముఖ్యంగా ఊరి హోటలుకూ, భంగం కలుగుతోందని గ్రహించిన శ్మశాన కమిటీ, బ్రదర్ హోబర్ట్ అధ్యక్షతన అత్యవసరంగా సమావేశమైంది.

మౌంట్ నెబో శ్మశానంలో చోట్లు అమ్మరు, కాగితాలు ఉండవు. ఎవరు ఎక్కడ పడుకోవాలో తాతలనాటినుంచి నోటిమాటే. ఆర్వెల్లా తల్లి రాయి నుంచి ఏడడుగులు వేస్తే బిడ్డ, బిడ్డ పక్కనున్న ఖాళీ ఆర్వెల్లాది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, అందువల్లే కమిటీ పని సులువైంది. చోటూ ఆర్వెల్లాదే, పేరూ ఆర్వెల్లాదే, ఇందులో ఎవరి హక్కూ హరించడం లేదని ఏకగ్రీవంగా తీర్మానించి గులాబిరంగు రాయి నిలబెట్టారు. పుట్టిన తేదీ సరిగ్గా చెక్కారు. పోయిన తేదీగా పాట విడుదలైన రోజు వేశారు. తీర్మానంలో మూడో అంశం ఇలా ఉంది: 'ఈ రాయి నిలిపినంత మాత్రాన సదరు ఆర్వెల్లా మరణించినట్లు గానీ, జీవించియున్నట్లు గానీ కమిటీ అభిప్రాయపడుట లేదు.'

ఒకే ఒక్క చిక్కు వచ్చింది. పెద్ద రాయి పక్కనున్న చిన్న రాయి ఎవరిదని యాత్రికులు అడగసాగారు. వాళ్ళు విన్న పాటలో అది లేదు. ఒకాయన పెంపుడు కుక్కదేమో అనుకుని దాన్ని కూడా ఫోటో తీసుకున్నాడు. యాత్రికులను ఈ అయోమయం నుంచి కాపాడటానికి కమిటీ ఆ రాయిని 'తాత్కాలికంగా, సముచిత గౌరవంతో' గడ్డికోసే యంత్రం ఉండే షెడ్డు వెనక్కి మార్పించింది. ఆ చోట వచ్చినవాళ్ళు బూట్లకు బురద కాకుండా నిలబడటానికి సిమెంటు గచ్చు వేయించింది. పిల్లలు ఆడుతూ ఆడుతూ సమాధి మీద కాలు వేస్తే వీపు వాయగొట్టే ఊరు అది. ఆ గచ్చు మీద నిలబడితే గులాబిరంగు రాయి ఫోటోలో చక్కగా పడుతుంది.

శనివారం పువ్వులతో వెళ్ళిన ఆర్వెల్లా, తన తల్లి రాయి దగ్గరనుంచి ఏడడుగులు వేసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వేసింది. మూడోసారి కూడా గచ్చు మీదే తేలింది. గచ్చు అంచున నిలబడి ఒక జంట ఫోటో దిగుతోంది. ఆమె పువ్వులు చేత్తో పట్టుకునే పాస్టరు ఇంటికి వెళ్ళింది.

ఆమె కోరింది ఒక్కటే. డెకరేషన్ ఆదివారం నాటికి చిన్న రాయి దాని చోటికి రావాలి. ఏటా జూన్ రెండో ఆదివారం ఊరంతా కలిసి సమాధులు ఊడ్చి, పువ్వులు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని తమవాళ్ళ పక్కన భోజనాలు చేస్తారు. పదమూడేళ్ళలో ఆర్వెల్లా ఒక్క ఏడు కూడా తప్పలేదు.

"అమ్మా ఆర్వెల్లా, నీ బాధ నాకు తెలీదా చెప్పు," అన్నాడు బ్రదర్ హోబర్ట్. "కానీ ఎక్కడెక్కణ్ణించో వస్తున్నారు. పాటలో లేని సమాధి ఇక్కడెందుకుందంటే ఏం చెప్పమంటావు?"

"బిడ్డుండేదని చెప్పండి."

"పాత పాటలో ఉండేది, కాదన్ను. ఇప్పుడు నడుస్తోంది కొత్త పాట కదమ్మా. నీ సంగతే చూడు, నువ్వెంత ఓర్చుకుంటున్నావో. పోయి ఇన్నాళ్ళయింది, ఒక్క మాటన్నావా? ఊరంతా నిన్ను ఎంత మెచ్చుకుంటోందో నీకు తెలీదు."

తర్వాత పరిశీలిస్తామని చెప్పి ఆమెను గుమ్మందాకా సాగనంపాడు. పువ్వులు బాగున్నాయని అన్నాడు.

మే నెలలో రాయి ఆవిష్కరణకు గార్లండ్ మీక్స్ స్వయంగా విచ్చేశాడు. తలమీద టోపీ పోయింది, మెడలో పట్టు రుమాలు వచ్చింది. దాటినవాడి లక్షణాలు అవి. టీవీవాళ్ళు కెమెరాలు సర్దుకునేలోపు ఆర్వెల్లా ఉన్న బస్సుల షెడ్డు దగ్గరికి వచ్చాడు.

"బాగున్నావా ఆర్వీ?"

"పోయాను కదా. పర్లేదు."

అతను నవ్వబోయి మానేశాడు. "చిన్నదాన్ని పాటలోంచి తీసేస్తామంటే నేనొప్పుకోలేదు ఆర్వీ, ఒట్టు. చాలా గట్టిగా పోట్లాడా."

"ఎంతసేపు?"

పాట చేతిలో లేనప్పుడు గార్లండ్ అబద్ధం ఆడలేని మనిషి. "మధ్యాహ్నం భోజనం దాకా," అన్నాడు.

రాయి మాట కమిటీతో చెప్పమని అడిగింది. తప్పకుండా చెబుతానన్నాడు. ఆవిష్కరణలో అతను గచ్చు మీద నిలబడి, వాన చరణం పాడి, నిజమైన కన్నీళ్ళు కార్చాడు. ఆ గచ్చు కింద ఏముందో అతనికి గుర్తుకొచ్చిందో, రాలేదో తెలియదు. కన్నీళ్ళు మాత్రం టీవీలో చాలా స్పష్టంగా పడ్డాయి. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు. కమిటీతో భోజనం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతి శనివారం ఉదయం పదకొండు గంటలకు ఆర్వెల్లా స్కూలు బస్సును శ్మశానం గేటు దగ్గరికి వెనక్కి తెచ్చి ఆపింది. మంచులో దిగబడ్డ బండ్లను లాగే గొలుసు తీసుకుని తన సమాధి రాయికి రెండు చుట్లు చుట్టి, కొక్కెం తగిలించి, నెమ్మదిగా ముందుకు పోనిచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ప్రమాదం ఎరుగని డ్రైవరు కావడంతో రాయి ఎక్కడా చిట్లకుండా వచ్చింది. దాన్ని ఈడ్చుకుంటూ ఊరి మధ్యనుంచి పాస్టరు ఇంటికి బయల్దేరింది. అలవాటు ప్రకారం ప్రతి స్టాపు దగ్గరా ఆగి ఎర్రదీపాలు వేసింది. దీపాలు వెలుగుతుండగా స్కూలు బస్సును దాటడం నేరం. కనక షెరీఫు కారుతో సహా పదిహేడు బండ్లు దాని వెనకాల ఆగుతూ, కదులుతూ, వరసగా నడిచాయి. రాయినీ, వెనక వరసనూ చూసి ఎదురొచ్చినవాళ్ళు, శవయాత్ర ఎదురైతే పాటించే ఆ ఊరి పద్ధతి ప్రకారం, బండ్లు పక్కకు తీసి టోపీలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు సీట్లో ఉన్నదెవరో వాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంది.

బుధవారం కేసు విచారణకు వచ్చింది. కీర్తిశేషురాలు ఆర్వెల్లా టాకెట్ సమాధిని ఆర్వెల్లా టాకెట్ అనే స్త్రీ అపవిత్రం చేసిందన్నది ఒక అభియోగం. కౌంటీ బస్సును సొంత పనికి వాడుకుందన్నది రెండోది. మొదటి దానికి మృతురాలి దగ్గరి బంధువు ఎవరైనా ఫిర్యాదు చేయాలని చట్టం. గుమాస్తా పుస్తకాలన్నీ తిరగేశాడు. తల్లి లేదు, భర్తతో విడాకులయ్యాయి. దగ్గరి బంధువు ముద్దాయి ఒక్కతే. నీ మీద నువ్వు ఫిర్యాదు చేస్తావా అని జడ్జి క్రౌచ్ గారు అడిగారు. చెయ్యనంది. చేస్తే బాగుండేదని ఆయన విచారం వెలిబుచ్చి తీర్పు చెప్పారు.

"ఈ రాయి ఈ ఊరిది కాదు. ఇది జాతి సంపద. నేను, నా భార్య, మా కుక్క ఈ పాట వింటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. బతికున్నంత మాత్రాన ఒక మనిషికి తన సమాధి మీద ఏదైనా చేసే అధికారం ఉంటుందంటే, రేపు చనిపోయినవాళ్ళకి రక్షణ ఏది?"

పెద్ద రాయిని కమిటీ తిరిగి నిలబెట్టాలి. బస్సు విషయంలో ఆర్వెల్లాను రెండు వారాలు పనిలోంచి తప్పించాలి. ఇంకేమైనా చెప్పుకుంటావా అని అడిగితే ఆమె చిన్న రాయి సంగతి చెప్పింది. అది కేసు కాగితాల్లో లేదన్నాడు గుమాస్తా. ఎవరూ తమదని చెప్పుకోలేదు గనక కావాలంటే తీసుకెళ్ళవచ్చని జడ్జిగారు దయతలిచారు. షెడ్డు వెనకనుంచి తీసుకున్నప్పుడు ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. 'రాయి, చిన్నది, ఒకటి' అని రసీదు.

డెకరేషన్ ఆదివారానికి ఎనిమిది వందలమంది వచ్చారు. ఊరివాళ్ళు తమ తమ సమాధుల పక్కన దుప్పట్లు పరిచారు, వచ్చినవాళ్ళు గులాబిరంగు రాయి ముందు వరస కట్టారు. ఆర్వెల్లా పొద్దున్నే ఓసీ పిన్నితో కలిసి వచ్చింది. తల్లి రాయి నుంచి ఏడడుగులు వేసి, గచ్చు మీద చిన్న రాయిని నిలబెట్టి, పడిపోకుండా రెండు ఇటుకలు ఆనించి, ముందు పువ్వులు పెట్టి, పక్కనే దుప్పటి వేసుకుని కూర్చుంది. ఇద్దరూ మొక్కజొన్న రొట్టె, కోడి వేపుడు విప్పుకున్నారు. వరస అక్కడికి వచ్చి ఆగింది. ఒహాయో నుంచి వచ్చిన ఒక నడివయసు ఆమె కెమెరా పట్టుకుని కాసేపు మొహమాటపడి, చివరికి వంగింది.

"ఏమండీ, కాస్త అటు జరుగుతారా? ఒక్క నిమిషమే. తొమ్మిది గంటలు కారు నడుపుకొచ్చాం."

"ఇది మా పాప చోటండీ," అంది ఆర్వెల్లా.

ఆమె చిన్న రాయి వంక చూసింది. "అయ్యో పాపం," అంది, నిజంగానే. "కానీ పాటలో పాప లేదే?"

"ఉండేది. మీ పట్నాలవాళ్ళకి నచ్చలేదని తీసేశారు. నేనే ఆర్వెల్లాని."

ఒహాయో ఆమె గులాబిరంగు రాయిని చూసింది, ఆర్వెల్లాను చూసింది, చేతిలోని కోడి ముక్కను చూసింది. "అలా అనకండి," అంది మెల్లిగా. "మా ఆయన పోతే ఈ పాటతోనే సాగనంపాను. దయచేసి అలా అనకండి."

ఆర్వెల్లాకు ఆమె మీద కోపం రాలేదు. దుప్పటి కాస్త సర్ది, ఆమెను కూర్చోమని, పళ్ళెంలో రొట్టె పెట్టి ఇచ్చింది. ఆమె రెండు ముక్కలు తిని, కళ్ళు తుడుచుకుని, థాంక్సు చెప్పి లేచింది. లేచి రెండడుగులు ఎడమకు జరిగి, ఒక మోకాలు వంచి, చిన్న రాయీ, ఆర్వెల్లా భుజమూ పడకుండా ఒక కోణం కనిపెట్టింది. వెనకవాళ్ళు అది చూసి నేర్చుకున్నారు. సాయంత్రందాకా ఎనిమిది వందలమంది అక్కడే ఎడమకు జరిగి, అలాగే మోకాలు వంచి ఫోటోలు తీసుకున్నారు. బ్రదర్ హోబర్ట్ మైకులో అందరి క్రమశిక్షణనూ కొనియాడారు. ఆర్వెల్లా కదల్లేదు.

చిన్న రాయి మీద ఒక పేరు చెక్కి ఉంది. పెద్ద అక్షరాలే, వరసలో నిలబడ్డవాళ్ళకి కూడా కనిపిస్తాయి. దాన్ని పైకి చదివినవాళ్ళు లేరు. కోర్టు రాసుకోలేదు, కమిటీ రాసుకోలేదు. గార్లండ్ మీక్స్ పాటలో, అది పాతదైనా సరే, ఆ పేరు పెట్టలేదు. వాళ్ళను అని ఏం లాభం? ఇంత కథ చదివి, అక్కడక్కడ జాలిపడి, బ్రదర్ హోబర్ట్‌ను తిట్టుకుని ఇక్కడిదాకా వచ్చారు. మీరూ అడగలేదు.